ఫ్యూజు తీగ, టూత్‌పేస్టు గొట్టం, 1/35 షెర్మన్

ఇళ్ళల్లో ఎం.సి.బి.లు రాకముందు మెయిన్ స్విచ్చి పక్కన మేకుకి ఒక అట్టముక్క వేలాడుతుండేది. దానికి ఫ్యూజు తీగ చుట్టి ఉండేది. ఫ్యూజు పోయిన రాత్రి ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుంటే, ఇంకొకరు పింగాణీ ఫ్యూజు ఊడదీసి ఆ అట్ట మీంచి రెండంగుళాల తీగ తుంచి బిగించేవాళ్ళు. ప్లాస్టిక్ కిట్లతో ట్యాంకుల చిన్న నమూనాలు కట్టేవాళ్ళకి ఆ అట్టే కొలబద్ద. తగరం పూత ఉన్న రాగి తీగలో 5 ఆంపియర్లది 0.20 మి.మీ., 10 ఆంపియర్లది 0.35, 15 ఆంపియర్లది 0.50. 1/35 స్కేలులో, అంటే నమూనా నిజం ట్యాంకులో 35వ వంతు ఉన్నప్పుడు, ఇవి 7, 12, 17 మిల్లీమీటర్ల ఇనప కడ్డీలు. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ ట్యాంకు షెర్మన్‌ని ఎక్కడానికి పట్టుకునే పిడి దాదాపు అర అంగుళం కడ్డీ. అంటే 10 ఆంపియర్ల తీగ సరిగ్గా సరిపోయేది. కిట్టులో వచ్చే ప్లాస్టిక్ పిడి మాత్రం, నిజం ట్యాంకు మీద అయితే, గుప్పిట నిండేంత లావుగా ఉండేది.

అప్పట్లో చేత్తో చేసిన వివరాలన్నిటి వెనకా ఉన్నది ఈ ఒక్క లెక్కే, మందం. ప్లాస్టిక్‌ని అచ్చులోకి పంపి నింపాలంటే అది ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో మందం ఉండాలి. ఒక మిల్లీమీటరు అంటే 35 మిల్లీమీటర్ల ఉక్కు. షెర్మన్ పక్క కవచానికి అది పెద్ద తేడా కాదు, ఆ కవచం ఒకటిన్నర అంగుళం. కానీ మడ్‌గార్డుకీ, హెడ్‌లైటు చుట్టూ ఉండే రేకు కాపుకీ, సామాను కట్టే పట్టీకీ అదే మందం వస్తే అది రేకులా కనిపించదు. జర్మన్ పాంజర్ 4కి పక్కన వేలాడదీసిన షుర్జెన్ పలకలు నిజంగా 5 మి.మీ. మందం. స్కేలులో 0.14. కిట్టులో అవి కోట గోడల్లా వచ్చేవి. చూసేవాడికి ఎక్కడ తేడా ఉందో చెప్పడం రాకపోయినా, ఇది బొమ్మ అని కన్ను పట్టేసేది ఆ అంచుల దగ్గరే.

1/35 అనే స్కేలు ఏ శాస్త్రం ప్రకారమూ పుట్టలేదు. జపాన్‌లో షిజువొకా ఊరి టమియా కంపెనీ 1961లో పాంథర్ ట్యాంకు కిట్టు తయారుచేసినప్పుడు లోపల మోటారు, గేర్లు, బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టుకుంది. తరవాత కొలిచి చూస్తే అది 35వ వంతు. 1968లో మొదలైన చిన్న సైనికుల వరస ఆ కొలతనే ఖాయం చేసింది. ఆ మోటారు గుర్తులు చాలా ఏళ్ళు కిట్ల అడుగున మిగిలిపోయాయి. స్విచ్చి కోసం చీలిక, బ్యాటరీ మూత కోసం కంత ఉండేవి. చక్రాల చుట్టూ తిరిగే ట్రాక్ మీద ఉండే పక్క అరలకి అడుగు ఉండేది కాదు. వెలుతురు పక్కనుంచి పడితే చక్రాల మీద నుంచి ట్యాంకు కడుపులోకి కనిపించేది. అందుకే ఏ కిట్టు విప్పినా మొదటి పని అడుగు మూయడం. దీనికి నాజూకు అక్కర్లేదు, అట్టతో నమూనా కత్తిరించుకుని అదే కొలతకి ప్లాస్టిక్ పలక అతికిస్తే చాలు. పై భాగమూ కింది భాగమూ కలపకముందే చెయ్యాలి, కలిపాక వేలు దూరదు.

ఆ ప్లాస్టిక్ పలక దొరకడమే అప్పట్లో పెద్ద ప్రయాస. కిట్టే సింగపూరు నుంచో గల్ఫు నుంచో ఎవరైనా తేవాలి. ఇక నమూనాల కోసమే చేసిన తెల్ల ప్లాస్టిక్ షీట్లు ఎక్కడివి? ఐస్‌క్రీము కప్పులు, పెళ్ళిళ్ళలో మంచినీళ్ళిచ్చే వాడిపారేసే గ్లాసులు, బోర్డులు రాసేవాళ్ళ దగ్గర మిగిలిన ముక్కలు ఏరుకునేవాళ్ళం. వాటిలో ఏది పాలీస్టైరీనో, ఏది కాదో తెలియాలి. ముక్క కత్తిరించి నీళ్ళ గ్లాసులో వేసి వేలితో లోపలికి నొక్కి వదిలితే పాలీస్టైరీన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. మునిగిన ముక్క మీద థిన్నరు చుక్క వేస్తే జిగటగా మారాలి. అప్పుడే కిట్టు జిగురుతో అతుకుతుంది. పాత ఫోను కార్డులు 0.76 మి.మీ. మందంతో గట్టిగా, చదునుగా ఉండి ఆశపెట్టేవి. కానీ అవి పీవీసీ, కిట్టు జిగురుకి లొంగవు, ఫెవిక్విక్ కావాలి. ఎక్స్‌రే ఫిల్ము 0.18 మి.మీ., పాలియెస్టరు. వేడినీళ్ళలో నానబెట్టి నల్లటి పొర రుద్దేస్తే షుర్జెన్ పలకలకి అంత బాగా కుదిరే వస్తువు ఇంకొకటి ఉండేది కాదు. దానికీ ఫెవిక్విక్కే. సముద్రం పక్క ఊళ్ళలో, వానాకాలంలో, ఆ ఫెవిక్విక్ ఆరేటప్పుడు చుట్టూ తెల్లటి బూడిద పట్టేది. గాలిలో తేమ ఎక్కువైతే అంతే. సూది మొనతో తక్కువ చుక్క పెట్టి, గాలి ఆడేచోట ఆరబెట్టడమే దానికి మందు. హెడ్‌లైటు అద్దం లాంటి పారదర్శక భాగాల దగ్గర మాత్రం అసలు వాడకూడదు. అక్కడ ఆరల్డైట్ చుక్క నిలిపితే అదే గుండ్రంగా నిండి అద్దంలా గడ్డకట్టేది. కింద మందుబిళ్ళల రేకు మెరుపువైపు పైకి వచ్చేలా పెడితే దీపం నిజంగానే వెలుగు పట్టేది.

రేకు పనికి రాజు అల్యూమినియం టూత్‌పేస్టు గొట్టం. ఇప్పటి గొట్టాలు ప్లాస్టిక్ పొరలవి, నొక్కితే మళ్ళీ ఉబ్బుతాయి. అప్పటివి నొక్కిన చోట నొక్కినట్టే ఉండిపోయేవి. ఆ గుణమే మనకి కావలసింది. పేస్టు అయిపోయాక మడిచిన అంచూ, మూత వైపు భుజమూ కత్తిరించి, నిలువునా చీల్చి, సబ్బుతో కడిగి, అద్దం పలక మీద పరిచి చెంచా వీపుతో రుద్దితే 0.1 మి.మీ. చదును రేకు వచ్చేది. స్కేలులో మూడున్నర మిల్లీమీటర్ల ఉక్కు రేకు, మడ్‌గార్డుకి అచ్చం. కత్తెరతో కత్తిరిస్తే అంచు వంకర తిరుగుతుంది. స్టీలు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో ఒకే చోట రెండు మూడుసార్లు తేలిగ్గా గీసి, ఆ గీత దగ్గర అటూ ఇటూ వంచితే శుభ్రంగా విరిగేది. సొట్ట కావాలంటే రేకుని రబ్బరు మీద పెట్టి వెనకనుంచి పెన్సిలు మొద్దు వైపుతో నొక్కాలి. చెట్టుకి రాసుకున్న మడ్‌గార్డు లోపలికి వంగుతుంది, అంచు దగ్గర ఎక్కువ, ట్యాంకు ఒంటికి అతికిన చోట తక్కువ. బోల్టు దగ్గర బిగిసి ఉన్న రేకు వంగదు, రెండు బోల్టుల మధ్యే వంగుతుంది. ఇది గమనించకుండా ఇష్టమొచ్చినట్టు నొక్కితే నలిగిన కాగితంలా తయారయ్యేది. కూల్‌డ్రింకు డబ్బా రేకు కూడా దాదాపు అదే మందం. కానీ అది గట్టిది, వంచితే వెనక్కి తన్నుతుంది. గ్యాసు మంట మీద రంగు మాడేదాకా తిప్పి చల్లార్చాకే మాట వినేది. అలా తిప్పుతుంటే ఒక్క క్షణం ఆగినా చాలు, కరిగి కంత పడేది.

పిడుల పని ఇలా సాగేది. అచ్చులో వచ్చిన ప్లాస్టిక్ పిడిని బ్లేడుతో చెక్కేసి, ఆకురాయితో చదును చెయ్యాలి. రెండు కాళ్ళ స్థానాలు దబ్బనం మొనతో గుచ్చి గుర్తుపెట్టాలి. గుచ్చకపోతే డ్రిల్లు జారి పక్కన గీత పడుతుంది. సన్నటి డ్రిల్లు బిట్టు లేనివాళ్ళు కుట్టుసూది బెజ్జం దగ్గర విరిచి, విరిగిన కొసని సానరాయి మీద రెండువైపులా అరగదీసి చిన్న గరిటె మొనలా చేసుకునేవాళ్ళు. పిన్ వైసులో, అంటే వేళ్ళతో తిప్పే చిన్న డ్రిల్లు పిడిలో, బిగించి రెండు వేళ్ళతో మెల్లగా తిప్పితే 0.4 బెజ్జం పడేది. తొందరపడి తిప్పితే ప్లాస్టిక్ తెగకుండా కరిగి సూదికి చుట్టుకుంటుంది. ఫ్యూజు తీగ అట్ట మీద చుట్టుకుని వంకరగా ఉంటుంది కదా, ఆ వంకర చేత్తో రుద్దితే పోదు. రెండు కొసలూ పటకార్లతో పట్టుకుని కొంచెం సాగేదాకా లాగాలి. సాగినట్టు వేళ్ళకి తెలుస్తుంది. ఆ ఒక్క లాగుతో తీగ బాణంలా నిలబడడమే కాదు, కాస్త గట్టిపడుతుంది కూడా. పిడి వెడల్పుకి సరిపడా రేకు ముక్క మీద వంచి, కాళ్ళు 2 మి.మీ. పొడవు వదిలి కత్తిరించాలి. అన్ని పిడులూ ఒకే ఎత్తులో నిలవాలంటే అతికించేటప్పుడు కింద ఒకే అట్టముక్కని ఆనింపు పెట్టి, తీగ దానికి తగిలేదాకా నొక్కాలి. జిగురు మాత్రం లోపలి వైపునుంచే వెయ్యాలి. పైనుంచి వేస్తే కాలి చుట్టూ మడుగు కట్టి, రంగు పడ్డాక అదొక గడ్డలా తేలుతుంది.

తరవాత వచ్చిన ఫోటో ఎచింగ్ (రసాయనంతో తినిపించి ఆకారం కోసిన) ఇత్తడి రేకులు ఈ చాకిరీలో చాలా భాగం తప్పించాయి. హెడ్‌లైటు కాపులకి, పట్టీలకి, జల్లీలకి అవి గొప్ప వరం. కానీ వాటితో వచ్చిన పిడి చదునుగా ఉంటుంది. కడ్డీ గుండ్రం. గుండ్రంగా ఉన్నది ఎన్నేళ్ళయినా తీగతోనే చెయ్యాలి, ఇందులో రాజీ లేదు.

బోల్టుల కథ వేరు. పాత కిట్లలో కొన్ని చోట్ల బోల్టు తలలు ఉండేవే కావు. ఉన్నచోట కూడా కలిపిన అతుకు సాన పట్టేటప్పుడు అరిగిపోయేవి. షెర్మన్‌లో ముందు ముక్కు భాగం గేరుపెట్టె కప్పు. ముందరి కాలంలో దాన్ని మూడు పోత ముక్కలుగా చేసి బోల్టులతో కలిపేవాళ్ళు, తరవాత ఒకే పోతగా చేశారు. మూడు ముక్కలది చెయ్యాలంటే నిలువు అంచుల వెంట వరసగా బోల్టులు కావాలి. వాటిని ఇంకో చోటినుంచి దొంగిలించేవాళ్ళం. కిట్టులో వాడని భాగాల మీద, కట్టాక కనిపించని చోట్ల ఉన్న బోల్టు తలలని కొత్త బ్లేడు పడుకోబెట్టి చెక్కి, ఎగిరిపోకుండా బ్లేడుకి ముందే తడి రాసి పట్టుకోవాలి. ఎగిరిందా, ఇక చీపురు పట్టి వెతకాల్సిందే. అవీ లేకపోతే ఇంజెక్షను సూదులు. 18 గేజి సూది లోపలి వ్యాసం 0.84 మి.మీ., 21 గేజిది 0.51. ఏటవాలు మొన చదునుగా అరగదీసి, నోటి అంచు బయటనుంచి పదును పెట్టి, పల్చటి ప్లాస్టిక్ మీద నొక్కి తిప్పితే గుండ్రటి బిళ్ళలు తెగేవి. స్కేలులో 29, 18 మిల్లీమీటర్ల రివెట్టు తలలు. బిళ్ళ సూదిలో ఇరుక్కుంటుంది, సన్నటి తీగతో వెనకనుంచి నెట్టాలి. నాలుగైదు బిళ్ళలు పేరుకోనిస్తే ఇక రాదు. ఆరు పలకల తల కావాలంటే ఈ గుండ్రటి బిళ్ళనే అతికించి ఆరాక ఆరు వైపులా బ్లేడుతో తాకించేవాళ్ళు. 0.8 మి.మీ. బిళ్ళకి ఆరు కోతలు! ఓపిక ఉన్నవాళ్ళు అలా ముప్ఫై, నలభై చేసేవాళ్ళు. రంగు వేశాక చూస్తే గుండ్రానికీ ఆరు పలకలకీ తేడా తెలుస్తుంది, ఆ శ్రమ వృథా అనుకోవడానికి లేదు.

స్ప్రూ, అంటే భాగాలన్నీ పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం, పారేసేది కాదు. అందరూ మొదట నేర్చుకునే విద్య దాన్ని సాగదీయడం. అరచెయ్యంత ముక్కని కొవ్వొత్తి మంటకి రెండు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకుని చేతుల మధ్య తిప్పుతూనే ఉండాలి. మంటలో పెడితే అంటుకుని నల్లటి మసి పడుతుంది. నడుము భాగం మెరిసి, బరువుకి జారబోతున్నట్టు కనిపించగానే మంట మీంచి తీసెయ్యాలి, తీశాక ఒక్క క్షణం ఆగి లాగాలి. మంట మీదే లాగితే తెగుతుంది. మెల్లగా లాగితే లావు, వేగంగా లాగితే వెంట్రుక. లాగిన చేతులు అలాగే బిగబట్టి పది అంకెలు లెక్కపెట్టకపోతే వంకర తిరిగి గట్టిపడుతుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అడ్డుకోత ఆకారం సాగాక కూడా మారదు. నలుచదరపు ముక్క నలుచదరంగానే సన్నబడుతుంది, బోలు గొట్టం బోలుగానే సన్నబడుతుంది. రకరకాల స్ప్రూలు దాచిపెట్టుకునేది అందుకే.

ఈ సాగదీసిన దారంతో చేసే వాటిలో అన్నిటికన్నా అందమైనది వెల్డింగు గీత. రెండు కవచ పలకలు కలిసిన చోట గీతలా గాడి చెక్కి, 0.3 మి.మీ. దారం అందులో పడుకోబెట్టి, పల్చటి జిగురు కుంచెతో ఒకసారి తాకించాలి. ఒక నిమిషంలో దారం వెన్నలా మెత్తబడుతుంది. అప్పుడు మొద్దుబారిన బ్లేడు మూలతో అర మిల్లీమీటరుకొక నొక్కు, ఒకే వాలులో, వరసగా నొక్కుకుంటూ పోవాలి. ఎక్కువ జిగురు పడితే దారం కరిగి మాయమవుతుంది, తక్కువైతే నొక్కు దిగదు. అందుకని ఒక్కసారికి రెండు సెంటీమీటర్లే. వెల్డరు చెయ్యి కూడా ఒక అంగుళానికీ ఇంకో అంగుళానికీ ఒకేలా ఉండదు కాబట్టి నొక్కుల్లో చిన్న తేడాలు దిద్దనక్కర్లేదు. అసలు వెల్డింగు ఎక్కడుందో, పోత ఎక్కడుందో ముందు తెలిసి ఉండాలి. షెర్మన్లలో ఎం4ఏ1 ఒళ్ళంతా గుండ్రటి పోత. ఎం4ఏ3, ఎం4ఏ4 పలకలు కలిపి వెల్డు చేసినవి, టరెట్, అంటే ఫిరంగితో సహా తిరిగే పై భాగం, మాత్రం అన్నిటికీ పోతే. నున్నగా వచ్చిన ప్లాస్టిక్ టరెట్‌కి పోత గరుకు తేవడానికి జిగురులో కరిగించిన స్ప్రూ ముద్దని పల్చగా రాసి, ఆరేలోపు వెంట్రుకలు రాలిన పాత కుంచెని నిలువుగా పొడుస్తూ పోవాలి. ఒక రోజు ఆరాక గరుకు కాగితంతో ఎత్తుల్ని మాత్రం తాకించాలి. ఇసక అచ్చులో పోసిన ఉక్కు మీద చెయ్యి పెడితే తెలిసే ఆ మెత్తటి గరుకు, ఎగుడుదిగుడు రాయిలా కాదు, బత్తాయి తొక్క కన్నా తక్కువ. ఇక పోత మీద ఉబ్బెత్తుగా ఉండే అంకెలు! స్ప్రూ మీద భాగాల నంబర్లు ఉబ్బెత్తుగా ఉంటాయి కదా, వాటినే బ్లేడుతో పల్చగా చెక్కి, టరెట్ పక్కన ఒక చుక్క పల్చటి జిగురులో పెడితే అచ్చం ఫౌండ్రీ నంబరే. ఆ ఆలోచన మొదట ఎవరికొచ్చిందో గాని దండం పెట్టాలి.

ఆ స్ప్రూ ముద్దతో అతుకుల సందులు కూడా పూడ్చేవాళ్ళం. దానికొక దుర్గుణం ఉంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల థిన్నరు వారాల తరబడి ఉండిపోతుంది. మర్నాడే సాన పట్టి, రంగు వేస్తే పదిహేను రోజులకి అదే సందు మళ్ళీ గుంటగా తేలుతుంది. లోతు సందుల్లో మొదట ప్లాస్టిక్ ముక్క దూర్చి, మిగిలిన సన్నటి సందుకే ముద్ద వాడాలి. కిటికీలు తెరవడం ఎలాగూ తప్పదు. టొలువీన్ వాసన తల పట్టేస్తుంది.

లాగుడు తాడు, అంటే ట్యాంకుని లాగడానికి కట్టే ఉక్కు తాడు, గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలా నమూనాల్లో చెడేది ఇక్కడే. కిట్టులో ఇచ్చే నైలాను దారానికి నూగు ఉంటుంది, రంగు వేసినా ఉక్కులా కనిపించదు, ట్యాంకు వంపుల మీద బరువుగా వాలదు. ఉక్కు తాడుని రాగితోనే పేనాలి. మధ్యలో ఒక తీగ, చుట్టూ ఆరు. ఒకే లావు తీగలైతే ఆరు సరిగ్గా చుట్టూ పడతాయి, అయిదు చాలవు, ఏడు పట్టవు. పేనిన తాడు లావు తీగకి మూడింతలు. ఇస్త్రీపెట్టెకి వాడే మెత్తటి వైరు విప్పితే వచ్చే 36 గేజి పోగు 0.19 మి.మీ., తాడు 0.58, అంటే 20 మిల్లీమీటర్ల తాడు, కాస్త సన్నం. మోటారు వైండింగు షాపులో 33 గేజి ఎనామిల్ తీగ అడిగితే 0.25 మి.మీ., తాడు 0.76, అంటే సుమారు అంగుళం. అదీ కొలత. ఏడు తీగలూ ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస చేతి డ్రిల్లులో బిగించి, తాడు బిగువుగా పట్టుకుని తిప్పాలి. వదలగానే తాడు వెనక్కి విచ్చుకుంటుంది. అందుకే విప్పకముందే పక్కనుంచి మంట చూపించి ఎర్రబడనివ్వాలి. రాగి కాలి చల్లారితే మెత్తబడుతుంది, పేనిన రూపం మర్చిపోదు. మంటకి ఎనామిల్ కాలి నల్లటి పొర పడుతుంది. దాన్ని వదిలించడానికి బిందెలు తోమే చింతపండూ ఉప్పే చాలు. పది నిమిషాలు పులుసులో నానబెట్టి, బట్టతో రుద్ది, మంచినీళ్ళతో కడిగితే ఎర్రగా తేలుతుంది. కడగకుండా వదిలిన పులుపు రంగు కింద పచ్చటి చిలుము పుట్టిస్తుంది. కొసల్లో ఉండే కొక్కెం కళ్ళు కిట్టువే వాడి, వెనక బెజ్జం పెట్టి తాడు దూర్చాలి. మెత్తబడ్డ తాడుని ట్యాంకు మీద పరిచాక వేలితో అక్కడక్కడా నొక్కి, రెండు ఆధారాల మధ్య కొంచెం కిందికి వాలనివ్వాలి. ఉక్కు తాడు ఎక్కడా చిన్న మడత తిరగదు, పెద్ద వంపులే.

ఫిరంగి గొట్టం రెండు సగాలుగా వస్తుంది. అతుకు సాన పడితే గుండ్రం పోయి అటూ ఇటూ చదునవుతుంది. పాత ట్రాన్సిస్టరు రేడియో ఏరియల్ ఉంటే ఈ గొడవ లేదు. ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి గొట్టాలు, మెట్లు మెట్లుగా సన్నబడే జర్మన్ గొట్టాలకైతే మరీ అనువు. షెర్మన్ 75 మి.మీ. ఫిరంగి నోరు స్కేలులో 2.1 మి.మీ. పైన ఉండే బ్రౌనింగు మెషీన్‌గన్ నోరు 0.36. కనీసం ఈ రెండు నోళ్ళైనా తొలిచి ఉండాలి, మూసుకుపోయిన గొట్టం కంటే ముందు కంటపడే లోపం లేదు.

ఇంజను మీద జల్లీలకి టీ వడబోసే జాలీ, గుడ్డలకి కాగితపు రుమాలు. పొరలుగా ఉండే రుమాలుని ఒక్క పొరకి విడదీసి, ఫెవికాల్‌ని సగానికి సగం నీళ్ళు కలిపి తడిపి, చుట్టి, తడిగా ఉండగానే ట్యాంకు మీద పెట్టి కుంచెతో నొక్కాలి. కింద పెట్టె ఉంటే దాని మూల టార్పాలిన్ కింద నుంచి తెలియాలి, పెట్టెకీ టరెట్‌కీ మధ్య గుడ్డ జారాలి. విడిగా చుట్టి ఆరాక తెచ్చి పెడితే దుంగలా కూర్చుంటుంది. రుమాలు మీద అచ్చుగుద్దిన పూలు, చుక్కలు ఉంటే రంగు వేశాక అవి బయటపడతాయి, సాదావే ఏరుకోవాలి. పట్టీలకి మందుబిళ్ళల రేకు సన్నగా కోసి, బకిల్స్‌కి 5 ఆంపియర్ల తీగ చదరంగా వంచి. గొడ్డలి, పార కర్రలకి అగరుబత్తి పుల్ల వాడమని చాలామంది చెప్పేవాళ్ళు. ఒప్పుకోను. వెదురు నార స్కేలుకి చాలా ముతక, 35 రెట్లు పెంచితే తాటిదూలంలా ఉంటుంది. స్ప్రూ దారాన్ని రంపపు బ్లేడుతో నిలువునా ఒకసారి గీకితే చాలు, రంగు వేశాక అదే కర్ర.

ఇదంతా ఒకచోట కలిసొచ్చే పని ఒకటుంది, మన వైపువాళ్ళకి దాని మీద మమకారం కూడా. 1790 ప్రాంతంలో హైదరాబాద్ రాజ్యంలో మొదలైన గుర్రపు దళాలే తరవాత దక్కన్ హార్స్ అయ్యాయి. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బర్మాలో మెయిక్టీలా మీదికి 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్‌తో వెళ్ళిన రాయల్ డెక్కన్ హార్స్ నడిపింది షెర్మన్ 5, అంటే ఎం4ఏ4. ఇరవయ్యేళ్ళ తరవాత 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని ఎదుర్కొన్నప్పుడు కూడా ఆ రెజిమెంటువి షెర్మన్లే. ఎం4ఏ4 కిట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అప్పట్లో అది కోసి కట్టుకోవలసిందే. దాని ఇంజను క్రైస్లర్ అయిదు కార్ల ఇంజన్లు ఒకచోట గుచ్చెత్తి చేసింది, 30 సిలిండర్లు. అది పట్టడానికి ట్యాంకు ఒంటినే పొడిగించారు. మిగతా షెర్మన్లకి ఒక్కో వైపు ట్రాక్ లింకులు 79 అయితే దీనికి 83. లింకు ఆరంగుళాలు, నాలుగు లింకులంటే చుట్టు మీద రెండడుగులు, పొడవులో దాదాపు అడుగు. నమూనాలో 8 మి.మీ.కి అటూ ఇటూ. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఒంటిని వెనకవైపు ఒకచోట కోసి పలక దూర్చి అయిందనుకోవడం. ఎం4ఏ4ని పక్కనుంచి చూడగానే గుర్తుపట్టేది బోగీల, అంటే చక్రాల జతల, మధ్య ఎడంతోనే. మూడు బోగీల మధ్య రెండు ఖాళీలూ సమానంగా పెరిగాయి. కాబట్టి బోగీ ఆధారాలు కూడా కోసి, కాగితం మీద గీసుకున్న కొలత ప్రకారం మళ్ళీ అతికించాలి. ట్రాక్‌కి రెండో కిట్టు లింకులు కావాలి. రబ్బరు ట్రాక్ అయితే నాలుగు లింకుల ముక్క కోసి, వెనకనుంచి దారంతో కుట్టి, ఆ కుట్టు పై పరుగులో ఒంటి చాటున వచ్చేలా పెట్టేవాళ్ళు. ముందు కవచం వాలు కూడా చూసుకోవాలి, ఎం4ఏ4ది నిలువు నుంచి 56 డిగ్రీలు, చివరికాలపు ఎం4ఏ3లది 47. ఆ రెండో రకం కిట్టుతో మొదలుపెడితే ముక్కంతా కొత్తగా కట్టాలి.

టరెట్ వెనక ఇంజను కప్పు మీద రేడియేటరు కోసం ఒక ఉబ్బు ఉంటుంది. దాన్ని చెక్కతో చెక్కి, ప్లైవుడ్ ముక్కకి ఆ ఆకారం కంటే చుట్టూ షీటు మందమంత పెద్ద కంత కోసి, షీటుని దాని మీద పిన్నులతో బిగించి, పొయ్యి మీద వేడిచేసి, వేలాడబోతుండగా చెక్క ముక్క మీదికి ఒక్కసారి నొక్కితే గుల్లలా దిగుతుంది. కంత బిగువైతే చిరుగుతుంది, వేడి ఎక్కువైతే బుడగలు లేస్తాయి. దీనికి వాడిపారేసే గ్లాసు ప్లాస్టిక్ పనికిరాదు. అది ఒకసారి సాగి గ్లాసయినది, వేడి తగలగానే ముడుచుకుని పాత రూపానికి పోతుంది. బోర్డుల షాపు ముక్కే కావాలి.

ఇన్ని రకాల వస్తువుల మీద నేరుగా రంగు వేస్తే ప్లాస్టిక్ ఒకలా, రాగి ఒకలా, కాగితం ఒకలా పీల్చుకుంటాయి. ముందు బూడిదరంగు ప్రైమరు పల్చగా రెండు పొరలు, మధ్యలో ఒక రోజు. రుమాలు గుడ్డ మీద ప్రైమరు వేశాక నార లేస్తే ఫెవికాల్ నీళ్ళు ఇంకోసారి రాసి మళ్ళీ. వెల్డింగు గీతలో వదిలేసిన ఖాళీ, పిడి కాలి దగ్గర జిగురు గడ్డ, అన్నీ ఈ బూడిదరంగులోనే బయటపడతాయి. వాటిని అప్పుడే దిద్దుకోవాలి.

అన్నిటికన్నా చివర పెట్టేది ఏరియల్. 19వ నంబరు రేడియో సెట్టు ఉన్న ట్యాంకుకి 8 అడుగుల ఏరియల్ అంటే 70 మి.మీ. స్ప్రూ దారం ఒక కొసకి తనంతట తానే సన్నబడుతూ వస్తుంది కాబట్టి ఆ వాలు తీగతో రాదు. కొస వంకరగా ఉంటే వెలుగుతున్న అగరుబత్తిని తాకించకుండా సెంటీమీటరు దూరంలో పక్కనుంచి పోనిస్తే దారం ఆ వేడికి తనే ముడుచుకుని నిటారుగా సర్దుకుంటుంది. కొన కోసం ఇంకాసేపు దగ్గర పెడితే చివర చిన్న గుండు కూడా కడుతుంది. ఏరియల్ నిలిచే చోట బెజ్జం పెట్టి, జిగురు వెయ్యకుండా గుచ్చి ఉంచేవాళ్ళం, అలమర్లో పెట్టేటప్పుడు తీసి పక్కన పడుకోబెట్టడానికి.